వణికింది నేల కాదు

పొయ్యి మీద లేచే వేడిగాలిలోంచి చూస్తే అవతలి గోడ వణుకుతున్నట్టుంటుంది. గోడ కదల్లేదు, కదిలింది గాలి. ఆ వణుకును బట్టి గాలి సంగతి చెప్పవచ్చు. కంటికి కనబడని ఐనో ఆవరణం సంగతిని ఉపగ్రహ రాడార్లు చెబుతున్నది ఇలాగే.

సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు పైవాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్లు సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున బాగా చిక్కగా ఉంటాయి. 700 కిలోమీటర్ల దరిదాపుల్లో తిరిగే రాడార్ పంపిన సంకేతం ఐనో ఆవరణమనే ఈ పొరను దాటి నేలను తాకాలి, మళ్లీ దాటి పైకి రావాలి.

ఈ రాకపోకల్లో సంకేతానికి రెండు గుర్తులు అంటుకుంటాయి. మొదటిది ఆలస్యం. తరంగం పొడవు మూడు రెట్లయితే ఆలస్యం తొమ్మిది రెట్లవుతుంది. నేల కుంగితే మాత్రం ఏ తరంగానికైనా పెరిగే దూరం ఒక్కటే. అందుకే సంకేతంలోని ఎక్కువ, తక్కువ ఫ్రీక్వెన్సీలను విడదీసి పోలిస్తే నేల వాటా ఎంతో, ఎలక్ట్రాన్ల వాటా ఎంతో తేలుతుంది. రెండోది మెలిక. భూమి అయస్కాంత క్షేత్రంలోని ఎలక్ట్రాన్లు తరంగం ఊగే దిశను తిప్పేస్తాయి. దీన్నే ఫారడే భ్రమణం అంటారు.

జపాన్ 2006లో పంపిన ఆలోస్ ఉపగ్రహం రాత్రి పదిన్నర ప్రాంతంలో అమెజాన్ అడవుల మీదుగా పోతూ తీసిన కొన్ని రాడార్ చిత్రాల్లో పొడవాటి చారలు పడ్డాయి. అడవిలో అలాంటివేమీ లేవు. అవి అయస్కాంత రేఖల వెంట సాగిన ఎలక్ట్రాన్ల హెచ్చుతగ్గులు. భూమధ్యరేఖ ప్రాంతంలో పొద్దుగూకాక ఐనో ఆవరణం అడుగుభాగం త్వరగా పలచబడుతుంది. ఆ పలచని భాగం నీళ్లలో గాలిబుడగల్లా పైకి ఎగదన్నుకొస్తుంది. జీపీఎస్ సంకేతాలు తడబడేది ఇలాంటి అలజడి వల్లే.

తిరుపతి దగ్గరి గాదంకి రాడార్ ఒకేచోట ఉండి ఈ అలజడి గంటగంటకూ ఎలా మారుతోందో చూస్తుంది. ఉపగ్రహం చూపేది ఒక్క క్షణాన్నే, కానీ పదుల కిలోమీటర్ల మేర విస్తరించిన దాని రూపాన్ని పటంలా పరుస్తుంది. రెండు చూపులూ కావాలి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ రాడార్ ఉపగ్రహం సెంటీమీటర్లలో నేల కదలికను కొలుస్తుంది. ఆ లెక్క నిలవాలంటే, ముఖ్యంగా దాని 24 సెంటీమీటర్ల తరంగంలో, ఎలక్ట్రాన్ల వాటాను తీసి పక్కన పెట్టాలి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగానే పోతుంది కనుక, మన ఆకాశానికి సంబంధించినంతవరకు ఆ వాటా విలువైనది. వడ్లు దంచిన ఇంట్లో తవుడు పారబోయరు. నేల లెక్క కోసం తీసేసిన దాన్నీ అంతే భద్రంగా దాచి చదవాలి.