రీసెర్చ్ క్లౌడ్‌లో కుబెర్నెటిస్ క్లస్టర్: స్వయంస్థాపనలో దోషనిర్ధారణ

వ్యాససంగ్రహం

పరిశోధనల కోసం ఏర్పడిన క్లౌడ్‌లలో కుబెర్నెటిస్ క్లస్టర్‌ను స్వయంగా నెలకొల్పేటప్పుడు తలెత్తే దోషాలను ఈ వ్యాసం వివరిస్తుంది. లోపం కనిపించే చోటు, అది పుట్టిన చోటు తరచుగా వేరువేరు. కనుక కింది పొర నుంచి పైపొరకు క్రమంగా పరిశీలించడమే సరైన పద్ధతి అని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: కుబెర్నెటిస్, ఓపెన్‌స్టాక్, రీసెర్చ్ క్లౌడ్, నెట్‌వర్క్, దోషనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం

'కుబెర్నెటిస్' గ్రీకు పదం. ఓడ చుక్కాని పట్టేవాడని దీని అర్థం. తెలుగులో 'కర్ణధారుడు' అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. అనేక కంప్యూటర్లను ఒక సమూహంగా కూర్చి, కంటైనర్లలో అమర్చిన ప్రోగ్రాములను వాటిపై నడిపించే ఈ వ్యవస్థను గూగుల్ సంస్థ 2014లో ప్రకటించింది. దీని 1.0 వెర్షన్ 2015 జూలైలో వెలువడింది.

వాణిజ్య క్లౌడ్‌లలో ఈ క్లస్టర్‌ను ముందే సిద్ధం చేసి అందించే సేవలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని నెక్టార్, అమెరికాలోని జెట్‌స్ట్రీమ్2 వంటి రీసెర్చ్ క్లౌడ్‌లు ఓపెన్‌స్టాక్ అనే సాఫ్ట్‌వేర్‌పై నడుస్తున్నాయి. ఇటువంటి చోట పరిశోధకుడు కొన్ని వర్చువల్ యంత్రాలను తీసుకొని, 'క్యూబ్‌ఎడిఎం' అనే సాధనంతో క్లస్టర్‌ను తానే నిర్మించుకోవచ్చు. అప్పుడు నిర్వాహకుడూ వినియోగదారుడూ అతడే. క్లస్టర్ నిలిచిపోతే గణన నిలిచిపోతుంది, గడువుతో మంజూరైన కేటాయింపు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

2. లక్షణం - నిదానం

ఆయుర్వేదం వ్యాధి లక్షణాన్నీ దాని నిదానాన్నీ వేరుగా చూస్తుంది. క్లస్టర్ విషయంలోనూ ఈ భేదం అవసరం. ఒక నోడ్ 'నాట్ రెడీ' అని చూపడం లక్షణం మాత్రమే. దాని వెనుక యంత్రపు అమరిక ఉండవచ్చు, చిరునామా ఉండవచ్చు, నెట్‌వర్క్ ఉండవచ్చు. ఒక్కొక్క పొర తన కింది పొరపై ఆధారపడి ఉంటుంది కనుక పరిశీలన కిందినుంచే మొదలుకావాలి.

3. యంత్రస్థాయి దోషాలు

ప్రతి నోడ్‌లోనూ 'క్యూబ్‌లెట్' అనే సేవ నడుస్తుంది. స్వాప్ మెమరీ పనిచేస్తూ ఉంటే సాధారణ అమరికలో ఇది మొదలుకాదు. క్యూబ్‌లెట్, కంటైనర్లను నడిపే 'కంటైనర్‌డి' రెండూ వనరుల నియంత్రణకు ఒకే పద్ధతిని వాడాలి. ఒకటి సిస్టమ్‌డి పద్ధతినీ, మరొకటి వేరొక పద్ధతినీ అనుసరిస్తే పాడ్‌లు మొదలై, కొద్దిసేపటికే ఆగి, మళ్లీ మొదలవుతూ ఉంటాయి. బయటికి ఇది ప్రోగ్రాములోని లోపంలా కనిపిస్తుంది.

పాత సూచనలను అనుసరించడం మరో కారణం. 2022లో వచ్చిన 1.24 వెర్షన్‌తో డాకర్‌ను నేరుగా కలిపే భాగాన్ని తొలగించారు. పాత ప్యాకేజీ భాండాగారాన్ని 2023 సెప్టెంబర్‌లో స్తంభింపజేశారు. అంతకుముందు రాసిన సూచనలు ఆనాటికి సరైనవే అయినా నేడు మొదటి మెట్టులోనే విఫలమవుతాయి.

4. చిరునామా దోషాలు

ఓపెన్‌స్టాక్‌లో యంత్రానికి సాధారణంగా లోపలి చిరునామా ఒకటి ఉంటుంది. బయటినుంచి చేరడానికి 'ఫ్లోటింగ్ ఐపీ'ని జతచేస్తారు. ఈ రెండో చిరునామా యంత్రం లోపల ఎక్కడా ఉండదు, క్లౌడ్ రౌటర్ దానిని లోపలి చిరునామాగా మారుస్తుంది. ఈ సంగతి గమనించక ఫ్లోటింగ్ ఐపీనే క్లస్టర్ ప్రధాన చిరునామాగా ప్రకటిస్తే, క్లస్టర్ సమాచారాన్ని భద్రపరిచే 'ఎట్‌సీడీ' తనది కాని చిరునామాపై నిలవలేక ఆగిపోతుంది. తెరపై కనిపించేది మాత్రం సమయం మించిపోయిందన్న సందేశం.

లోపలి చిరునామాతోనే స్థాపన పూర్తిచేసి, తర్వాత సొంత ల్యాప్‌టాప్ నుంచి ఫ్లోటింగ్ ఐపీ ద్వారా చేరబోతే సర్టిఫికెట్ దోషం ఎదురవుతుంది. సర్టిఫికెట్‌లో ఆ చిరునామా లేకపోవడమే అందుకు కారణం. స్థాపన సమయంలోనే దానిని అదనపు పేరుగా చేర్చడం పరిష్కారం.

5. నెట్‌వర్క్ దోషాలు

పాడ్‌ల నడుమ నెట్‌వర్క్‌ను ఏర్పరచే ఫ్లానెల్, కాలికో వంటి అనుబంధాన్ని స్థాపించేవరకు నోడ్‌లు 'నాట్ రెడీ'గానూ, పేర్లను చిరునామాలుగా మార్చే 'కోర్‌డీఎన్‌ఎస్' 'పెండింగ్'గానూ ఉంటాయి. ఇది దోషం కాదు, అసంపూర్ణ స్థితి.

అసలు దోషాలు ఆ తర్వాత వస్తాయి. కాలికో మామూలుగా సూచించే పాడ్ చిరునామాల పరిధి 192.168.0.0/16. క్లౌడ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్‌కూ 192.168తో మొదలయ్యే పరిధినే ఎంచుకుంటే రెండూ ఢీకొంటాయి. సెక్యూరిటీ గ్రూప్ అనుమతులది మరో సమస్య. క్లస్టర్ ద్వారమైన 6443 పోర్టును తెరిచి, క్యూబ్‌లెట్‌కు చెందిన 10250ని మరిస్తే నోడ్ చేరుతుంది కాని పాడ్‌ల లాగ్‌లు కనిపించవు. ఫ్లానెల్ వాడే యూడీపీ 8472ను మరిస్తే వేర్వేరు నోడ్‌లలోని పాడ్‌లు మాట్లాడుకోలేవు, ఒకే నోడ్‌లోనివి మాత్రం మాట్లాడుకుంటాయి. ఈ తేడాయే నిదానానికి దారి చూపుతుంది.

అన్నిటికన్నా మోసకరమైనది ప్యాకెట్ పరిమాణం. సాధారణ ఈథర్‌నెట్‌లో గరిష్ఠ పరిమితి 1500 బైట్లు. వీఎక్స్‌ల్యాన్ కవచం 50 బైట్లు తీసుకుంటుంది కనుక అటువంటి క్లౌడ్ నెట్‌వర్క్‌లో 1450 మిగులుతాయి. పాడ్ నెట్‌వర్క్ కూడా వీఎక్స్‌ల్యాన్‌నే వాడితే మిగిలేవి 1400. ఈ లెక్క తప్పితే చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, పెద్దవి దారిలో రాలిపోతాయి. పింగ్ పనిచేస్తుంది, డీఎన్‌ఎస్ పనిచేస్తుంది, ఫైలు దిగుమతి మాత్రం మధ్యలో స్తంభిస్తుంది.

6. కాలగతిలో వచ్చే దోషాలు

కొత్త నోడ్‌ను చేర్చే టోకెన్ మామూలుగా 24 గంటలే చెల్లుతుంది. క్యూబ్‌ఎడిఎం సృష్టించే సర్వర్ సర్టిఫికెట్ల ఆయుష్షు సాధారణంగా ఒక సంవత్సరం. పునరుద్ధరించకపోతే ఏడాదిపాటు నిరాటంకంగా నడిచిన క్లస్టర్, ఎవరూ ఏ మార్పూ చేయకుండానే, ఒకనాడు ఆదేశాలను నిరాకరిస్తుంది.

7. ముగింపు

కారణం తెలియనప్పుడు 'రీసెట్' ఆదేశంతో అంతా తుడిచి మళ్లీ కట్టాలనే ప్రలోభం కలుగుతుంది. ప్రధాన నోడ్‌పై ఆ ఆదేశం ఎట్‌సీడీ సమాచారాన్ని కూడా తొలగిస్తుంది. క్లస్టర్‌లో ఏది ఎలా అమర్చబడిందో చెప్పే ఆధారం దానితోపాటు పోతుంది. తుడిచి కట్టిన క్లస్టర్ పనిచేసినా, పాతది ఎందుకు ఆగిందో తెలియదు, అదే లోపం మళ్లీ రావచ్చు. ఫలితాన్ని పునరావృతం చేసి చూపడం పరిశోధనకు ప్రాణం కనుక ఆ ఫలితాన్నిచ్చిన సాధనం గురించీ అంతే స్పష్టత ఉండాలి. ముందు ఎట్‌సీడీ ప్రతిని భద్రపరచడం, క్యూబ్‌లెట్ లాగ్‌ను చదవడం, యంత్రం, చిరునామా, నెట్‌వర్క్ అనే వరుసలో పరీక్షించడం, ఒకసారికి ఒకే మార్పు చేసి దానిని రాసిపెట్టడం - ఇదే ఆచరణయోగ్యమైన క్రమం. తెలుగులో 'నిదానం' అంటే మూలకారణమే కాదు, తొందరపాటు లేకపోవడం కూడా. ఈ పనికి రెండర్థాలూ వర్తిస్తాయి.