ఉబ్బసం ఉన్నవారు పరుగు సాధన మొదలుపెట్టడం

8.1 పరిచయం

ఆదివారం తరగతులకు అధ్యయన కేంద్రాలకు వచ్చే విద్యార్థులలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు చాలామంది ఉంటారు. వారు పగలు పొలం పనో, దుకాణం పనో చూసుకొని, తెల్లవారుజామున ఊరి బడి మైదానంలో పరుగెత్తుతారు. వారిలో కొందరికి చిన్ననాటి నుంచి ఉబ్బసం ఉంటుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీన్ని 'దమ్ము' అంటారు. "దమ్మున్నోనికి ఉరుకుడెందుకు?" అని ఇంట్లో పెద్దలు ఆపుతారు. ఆ మాటలో ప్రేమ ఉంది కాని శాస్త్రం లేదు.

తెలంగాణలో 2022 నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్‌పై లెక్కిస్తే పురుషులకు ఒక్కో చుట్టుకు సుమారు 109 సెకన్లు, మహిళలకు 160 సెకన్లు వస్తాయి. ఉబ్బసం అదుపులో ఉంటే ఈ వేగాలు అందనివి కావు. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు పరుగుతో వచ్చే ఉబ్బసం ఉన్నట్లు 14 ఏళ్ల వయసులోనే తేలింది. ఆమె 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అందరూ అంత దూరం పోనక్కర లేదు. అయితే ఈ జబ్బుకు, పరుగుకు పొత్తు కుదరదనే వాదన నిలవదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

8.2 పరుగులో శ్వాసనాళాలకు ఏమవుతుంది?

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 100 లీటర్లు దాటవచ్చు. మామూలుగా ముక్కు గాలిని వెచ్చబరచి, తేమ కలిపి లోపలికి పంపుతుంది. పరుగులో నోటితో పీల్చడం వల్ల పొడిగాలి నేరుగా శ్వాసనాళాలను తాకుతుంది. నాళాల లోపలి పొరపై ఉన్న తేమ ఆవిరై ఆ పొర ఎండిపోతుంది. అప్పుడు అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రియీన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకొని దారి ఇరుకవుతుంది. ఉబ్బసం ఉన్నవారి నాళాల్లో ముందునుంచే వాపు ఉంటుంది కాబట్టి ఈ బిగింపు వారిలో తొందరగా, ఎక్కువగా కనిపిస్తుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా గమనించాలి. ఈ బిగింపు సాధారణంగా పరుగు మధ్యలో కంటే పరుగు ఆపిన 5 నుంచి 10 నిమిషాల తర్వాత తీవ్రమవుతుంది. చాలామందిలో అరగంట నుంచి గంటలోపు తగ్గుతుంది. పరుగుతో వచ్చే ఉబ్బసాన్ని నిర్ధారించడానికి ప్రయోగశాలలో ట్రెడ్‌మిల్‌పై 6 నుంచి 8 నిమిషాలు గట్టిగా పరుగెత్తించి, ఆ తర్వాత స్పైరోమెట్రీ చేస్తారు. మొదటి సెకనులో బయటకు ఊదే గాలి 10 శాతం లేదా అంతకు మించి తగ్గితే ఉబ్బసపు బిగింపు ఉన్నట్లు భావిస్తారు. 1600 మీటర్లకు ఇచ్చిన గడువును దీనితో పోల్చి చూడండి. కానిస్టేబుల్ పరుగు దాదాపు ఆ పరీక్షే! పరుగు గెలిచిన అభ్యర్థి ఊపిరాడక ఇబ్బంది పడేది లాంగ్‌జంప్, షాట్‌పుట్‌లకు పిలిచే వేళకు. దానికి కారణం భయం కాదు, బలహీనత కాదు, పైన చెప్పిన ప్రక్రియ.

8.3 మామూలు ఆయాసమా, ఉబ్బసమా?

అలవాటు లేని శరీరంతో పరుగెత్తితే ఎవరికైనా ఆయాసం వస్తుంది. అది ఆగిన వెంటనే తగ్గుముఖం పడుతుంది. ఆగాక పెరిగే ఆయాసం, పిల్లికూత, ఛాతీ పట్టేసినట్లుండటం, వదలని దగ్గు ఉబ్బసాన్ని సూచిస్తాయి. మన ప్రాంతపు అమ్మాయిల విషయంలో మరొకటి మరవకూడదు. రక్తహీనత వల్ల కూడా ఆయాసం వస్తుంది. దానికి ఇన్‌హేలర్ పనిచేయదు. అందువల్ల సాధనకు ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

8.4 మందుల గురించి

ఉబ్బసపు మందులు రెండు రకాలు. సాల్బుటమాల్ వంటివి బిగిసిన కండరాన్ని నిమిషాల్లో సడలిస్తాయి. బ్యూడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్లు వాపును క్రమంగా తగ్గిస్తాయి. మనవాళ్లు మొదటిదాన్ని ఆదరించి, రెండోదానికి భయపడతారు. నిజానికి జబ్బు మూలం వాపు. అందుకే 2019 నుంచి ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు సాల్బుటమాల్ ఒక్కదానిపైనే ఆధారపడవద్దని చెబుతున్నాయి. ఉపశమన మందు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతుంటే ఉబ్బసం అదుపులో లేనట్లే. అది అదుపులోకి వచ్చేదాకా పరుగు పెంచకూడదు.

"ఇన్‌హేలర్‌కు అలవాటు పడతారు" అనే మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. లెక్క చూడండి. ఒక పఫ్‌లో సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు ఉంటుంది. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో 4000 మైక్రోగ్రాములు ఉంటుంది, అంటే 40 రెట్లు. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. ఇన్‌హేలర్ మందు చేరవలసిన చోటికే చేరుతుంది. అయితే పీల్చే పద్ధతి సరిగా ఉండాలి. డబ్బా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. స్పేసర్ వాడితే మందు నోట్లో వృథా కాదు. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి.

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం మన జిల్లాల నుంచి కూడా వెళ్లేవారున్నారు. నమ్మకాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఆ మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లినవారైనా ఇన్‌హేలర్ ఆపకూడదు.

8.5 సాధన క్రమం

మొదట వైద్యుణ్ణి కలవాలి. రెండు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. పరుగుకు 10–15 నిమిషాల ముందు మందు పీల్చాలా, ఏది పీల్చాలి అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు.

తొలి రెండు వారాలు వారానికి మూడు రోజులు, పది నిమిషాల నడకతో ప్రారంభించి, ఒక నిమిషం నెమ్మది పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఆరేడుసార్లు చేస్తే సరిపోతుంది. వేగానికి కొలత మాటే. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్లు. తర్వాత వారం వారం పరుగు భాగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, రెండు రెండున్నర నెలల్లో ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తడం చాలామందికి సాధ్యమవుతుంది. గడియారం పట్టుకొని చుట్లు లెక్కించే పని అప్పుడు మొదలుపెట్టాలి. మైదానంలో తోటివారు తొలిరోజే గడియారం పడతారు. వారిని చూసి తొందరపడవద్దు.

ఈ సాధనతో స్పైరోమెట్రీ అంకెలు పెద్దగా మారవు. మారేది శరీర సామర్థ్యం. అదే వేగానికి తక్కువ గాలి చాలుతుంది కాబట్టి నాళాలు ఎండిపోవడమూ తగ్గుతుంది.

సన్నాహక వ్యాయామాన్ని ఎగ్గొట్టకూడదు. పదిహేను నిమిషాల నడక, మెల్లని పరుగు, మధ్యలో కొన్ని చిన్న వేగపు పరుగులు చేస్తే, సుమారు సగం మందిలో ఆ తర్వాత గంట నుంచి మూడు గంటల వరకు నాళాలు అంత సులువుగా బిగుసుకోవు.

8.6 మన నేల, మన గాలి

మన మెట్ట ప్రాంతంలో ఎండాకాలం 44 డిగ్రీలు తాకుతుంది కనుక పరుగు తెల్లవారుజామునే ముగించాలి. చలికాలంలో మాత్రం దీనికి భిన్నంగా చేయాలి. రాత్రి నేల చల్లబడి, చల్లని గాలిపై వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొయ్యిల పొగ, చెత్త మంటల పొగ, రోడ్డు దుమ్ము దాని కింద చిక్కుకుంటాయి. ఎండ కాస్త ఎక్కాక ఆ మూత విడిపోతుంది. అందువల్ల డిసెంబరు, జనవరిల్లో ఏడున్నర, ఎనిమిది తర్వాత, లేదా సాయంత్రం చీకటి పడకముందు పరుగెత్తడం మేలు. నోటికి రుమాలు కట్టుకుంటే పీల్చే గాలికి కొంత వెచ్చదనం, తేమ దొరుకుతాయి.

వరి కొయ్యకాళ్లు కాల్చే రోజుల్లో, పత్తి ఏరే చేల పక్కన, మిర్యాలగూడ వంటి చోట్ల రైసు మిల్లుల దగ్గర పరుగు వద్దు. గట్ల వెంట పెరిగే వయ్యారిభామ పూతలో ఉన్నప్పుడు కూడా దారి మార్చుకోవాలి. నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాలవారికి మరో మాట. మోకాళ్లు, నడుము ముందునుంచే బిగుసుకొని నొప్పిగా ఉంటే, పరుగుకు బదులు నడక ఎంచుకొని వైద్యునికి చూపించుకోవాలి.

8.7 మైదానంలో దమ్ము వస్తే

పడుకోబెట్టకూడదు, చుట్టూ మూగకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఉపశమన మందు ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగు ఇవ్వాలి. ప్రతి పఫ్‌కు నాలుగుసార్లు ఊపిరి తీయించాలి. స్పేసర్ లేకపోతే, అర లీటరు నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేటంత రంధ్రం చేసి వాడుకోవచ్చు. నాలుగు నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ నాలుగు పఫ్‌లు ఇచ్చి 108కి ఫోన్ చేయాలి. మాట తడబడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఆగకుండా వెంటనే ఫోన్ చేయాలి.

శారీరక పరీక్ష రోజున ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా జేబులో ఉండాలి. పరుగు ముగిశాక కూలబడకుండా పది నిమిషాలు నడవండి. లాంగ్‌జంప్‌కు పిలిచేలోగా ఛాతీ పట్టేస్తే, దాచుకోకుండా అక్కడి సిబ్బందికి చెప్పి మందు పీల్చండి.