మీకు తెలుసా? చీపురు పట్టని వారికీ చెత్త పాఠం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్‌కు మధ్యలో రెండే స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. కిటికీలోంచి చూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులతో పోటీ పడేవి ఆస్పత్రుల బోర్డులే. కొత్తపేటలో మామిడిపళ్ల వాసనతో ఘుమఘుమలాడిన గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు.

ఇన్ని పడకల చెత్తకు జవాబుదారీ ఎవరు? ఆయాలు, వార్డుబాయ్‌లే అనుకుంటాం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు అలా అనవు. చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఉద్యోగంలో చేరగానే ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇప్పించాలి. ఇప్పించకపోతే? అడిగేది ‘ఆక్యుపయర్’ను. అంటే ఆస్పత్రి పెత్తనం చేతిలో ఉన్నవారిని. మరి వారికి పాఠం చెప్పేదెవరు!

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఆ పని చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయంతో కలిసి డాక్టర్లు, నర్సులతో పాటు ఆస్పత్రి నిర్వాహకులకూ పనికొచ్చేలా ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు తయారుచేసింది.

అందులో మొదట ఒంటబట్టాల్సిన లెక్క ఒకటుంది. ఆస్పత్రి చెత్తలో దాదాపు 85 శాతం మన ఇంటి చెత్త లాంటిదే. రక్తం అంటిన దూది నాలుగు ఉండలు అందులో పడ్డాయో, డబ్బా మొత్తం ప్రమాదకరమే. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల డబ్బాలు పెట్టింది అందుకే.

ఏ రంగు డబ్బాలోనూ పట్టని చెత్త కూడా ఉంది. ఆపరేషన్ థియేటర్లో మత్తుకు వాడే డెస్‌ఫ్లూరేన్ గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 2,500 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. స్కాట్లాండ్ ప్రభుత్వ ఆస్పత్రులు 2023లో దీన్ని పక్కన పెట్టాయి. ఇది వార్డుబాయ్ తేల్చే విషయం కాదు కదా. మత్తు డాక్టరూ, కొనుగోళ్ల మీద సంతకం పెట్టే అధికారీ తేల్చాలి.

ఇక డబ్బాల్లో పట్టే చెత్త సంగతి. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆస్పత్రి సొంతంగా తన ఆవరణలో చెత్త కాల్చే యంత్రం పెట్టుకోకూడదు. సంచులు వ్యానెక్కి వెళ్లాల్సిందే. నిబంధన ప్రకారం ఒక్కో సంచికీ బార్‌కోడ్ ఉండాలి. ఎక్కడ దొరికినా, అది ఏ ఆస్పత్రి గేటు దాటి వచ్చిందో ఆ గీతలే చెప్పేస్తాయి.