దామనపల్లి పోరాటం

దామనపల్లి పోరాటం రంప తిరుగుబాటు (1922-24)లో భాగంగా 1922 సెప్టెంబరు 24న గూడెం కొండలలో జరిగిన ఘర్షణ. అల్లూరి సీతారామరాజు దళం చేసిన ఈ మెరుపుదాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ పోలీసు అధికారులు మరణించారు. ఈ ప్రాంతం 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

నేపథ్యం

1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు వ్యవసాయానికి, అటవీ ఫలసాయ సేకరణకు అడ్డుకట్ట వేసింది. నర్సీపట్నం నుండి కొండలపైకి వేసిన రోడ్డు పనిలో గూడెం అధికారి బాస్టియన్ కూలీలకు సరైన కూలి ఇవ్వకపోవడం అసంతృప్తిని రాజేసింది. అతనితో విభేదించిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు రాజుకు ముఖ్య అనుచరులయ్యారు.

మన్యం వీరులు విల్లంబులతోనే పోరాడారని జనంలో ఒక అభిప్రాయం ఉంది. ఇది పూర్తిగా సరికాదు. ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి వారు 26 తుపాకులను, సుమారు 2500 తూటాలను చేజిక్కించుకున్నారు. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషను డైరీలో వ్రాసి రాజు సంతకం చేయడం విశేషం.

పోరాటం

తిరుగుబాటుదారులను గాలిస్తూ వచ్చిన పోలీసులు దామనపల్లి వద్ద ఇరుకైన కొండదారిలో బారుగా నడవవలసి వచ్చింది. దళం దారికి పైనున్న చెట్ల చాటున పొంచి ఉంది. ముందు నడిచిన భారతీయ పోలీసులను ఏమీ చేయకుండా పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్లేయ అధికారులపైనే కాల్పులు జరిపారు. కవర్డ్, హైటర్ నేలకొరగగానే మిగిలిన బలగం చెదిరిపోయింది. భారతీయ సిపాయిలను చంపరాదన్నది రాజు నియమం. ఇది ఔదార్యమే కాక మంచి యుద్ధనీతి కూడా. ప్రాణభయం లేని సిపాయికి తెగించి పోరాడవలసిన అగత్యం ఉండదు. మృతులైన అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

పర్యవసానం

మైదానప్రాంతపు పోలీసులు కొండలలో పనికిరారని ప్రభుత్వం గ్రహించింది. మాప్పిళ్ళ తిరుగుబాటు కాలంలో 1921లో ఏర్పడిన మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని రప్పించింది. ఈ దళం అడవిలో పోరాడటానికి అలవాటుపడినది. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద రాజు దళానికి భారీ నష్టం కలిగింది. 1924లో అస్సాం రైఫిల్స్ కూడా వచ్చాయి. గ్రామాలకు అందే తిండిగింజలపై ఆంక్షలు విధించి, దళానికి సాయపడే దారులన్నీ మూసివేశారు. 1924 మే 7న రాజును బంధించి, కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. గంటందొర మరుసటి నెలలో మరణించాడు. అంతకుముందే పట్టుబడి అండమాను జైలులో శిక్ష అనుభవించిన మల్లుదొర, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.