చందమామలో నల్లరాయి

కోనసీమ పిల్లలకు రాయి దొరకడం కష్టం. అమలాపురంలో గాని, కొత్తపేటలో గాని దొడ్డిలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టీ, ఇసుకా తప్ప మరొకటి రాదు. ఇదంతా గోదావరి వేల ఏళ్లుగా మోసుకువచ్చి పోసిన నేల. నల్లరాయి చూడాలంటే ఎగువకు పోవలసిందే. రాజమహేంద్రవరం దగ్గర ఒక గట్టున కాతేరులోనూ, ఆవలి గట్టున పంగిడిలోనూ ఆ రాతి పొరలున్నాయి.

ఆ నల్లరాయికీ, చందమామలో కనిపించే కుందేలుకూ చుట్టరికం ఉన్నదంటే నమ్ముతారా?

1609లో గెలీలియో దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి, అక్కడ కొండలూ గుంటలూ ఉన్నాయని కనిపెట్టాడు. 1651లో రిచియోలీ అనే ఆయన ఆ నల్లని బయళ్లకు వర్షసముద్రమనీ, ప్రశాంతసముద్రమనీ పేర్లు పెట్టాడు. పేర్లు నిలిచాయి గాని, ఆ సముద్రాలలో నీళ్లు లేవు. 1969లో ప్రశాంతసముద్రంలో దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ కాలు తడవకుండానే నడిచి వచ్చారు!

వాళ్లు తెచ్చిన రాళ్లలో నల్లనివి బసాల్టు అని తేలింది. పూర్వం పెద్ద పెద్ద ఉల్కలు వచ్చి గుద్దగా చంద్రుడిమీద విశాలమైన పల్లాలు ఏర్పడ్డాయి. తరవాత లోపలినుంచి కరిగిన రాయి ఉబికి వచ్చి, ఆ పల్లాలను నింపి, చల్లారి నల్లబడింది. ఇది చాలావరకు మూడు వందల కోట్ల ఏళ్లకు పూర్వపు సంగతి. మన కుందేలు వయస్సు అంత!

పంగిడి రాయి కూడా బసాల్టే. రెండూ అచ్చంగా ఒకటి కావు. చంద్రుడి రాతిలో తేమ బొత్తిగా తక్కువ. మనది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటిది. పడమటినుంచి, అంటే దక్కను పీఠభూమి మీదుగా, వేయి కిలోమీటర్లు పారి వచ్చిన లావా ఇది అని చాలామంది శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంకొక వింత ఉన్నది. మన ప్రాంతంలో చమురుకోసం బావులు తవ్వినప్పుడు, ఒండ్రుకు ఎంతో అడుగున ఇదే రాయి తగిలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. రాయే లేదనుకున్న రాజోలు!

మరి చంద్రుడిలో తెల్లని భాగం? చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా కరిగిన రాయిగా ఉండేదట. అందులో తేలిక ఖనిజాలు పాలమీద మీగడలాగా పైకి తేలి గడ్డకట్టాయి. 2023 జూలై 14న శ్రీహరికోటనుంచి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. ప్రజ్ఞాన్ అనే చిన్న బండి సుమారు నూరు మీటర్లు తిరిగి మట్టిని పరీక్షించగా, ఈ మీగడ మాటకు బలం చేకూరింది.

గుంటలు చూడాలని ఉంటే పున్నమినాడు చూడకండి. ఎండ నడినెత్తిన పడి నీడలు ఉండవు. శుక్ల సప్తమి, అష్టమి రోజులలో వెలుగూ చీకటీ కలిసే అంచున చూడండి. మామూలు బైనాక్యులర్స్ చాలు. మోచేతులు కొబ్బరిచెట్టు మానుకు ఆనించుకోండి. లేకపోతే చేతులు వణికి చందమామ గంతులు వేస్తాడు.