బిలాము నోట దీవెన

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైలుపట్టణంలో గోల్‌బజారు ప్రసిద్ధమైన అంగడి. బెంగాలీ, హిందీ, ఒడియా మాటల నడుమ అక్కడ తెలుగు కూడా వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన శ్రామిక కుటుంబాల భాష అది. పరదేశంలో గుడారం వేసుకొన్న ప్రజల కథ ఇటువంటి చోట చదివినప్పుడు దాని అర్థం మరింత దగ్గరవుతుంది. హెబ్రీ లేఖనాలలో సంఖ్యాకాండము 22వ అధ్యాయం మొదలుకొని 24వ అధ్యాయం వరకు గల బిలాము వృత్తాంతం అటువంటి కథ.

ఐగుప్తు విడిచి వచ్చిన ఇశ్రాయేలీయులు మోయాబు మైదానంలో దిగినారు. వారి సంఖ్యను చూచి మోయాబు రాజైన బాలాకు భయపడినాడు. అతడు కత్తి దూయలేదు, మాటను కొనదలచినాడు. దూరదేశపు సోదెగాడైన బిలామును రప్పించి ఆ ప్రజలను శపింపజేయవలెనని సోదె సొమ్ముతో పెద్దలను పంపినాడు. ఆ ప్రజలు దీవెన పొందినవారని, వారిని శపింపరాదని దైవం బిలామును వారించినది. రాజు మరింత ఘనులైన వారిని పంపినాడు. తాను పలుకుమన్న మాటనే పలుకవలెనన్న కట్టడితో దైవం అతనిని పోనిచ్చినది.

త్రోవలో ఖడ్గధారియైన దేవదూత నిలిచినాడు. గాడిద చూచినది, ద్రష్ట చూడలేదు. ముమ్మారు దెబ్బలు తిన్న ఆ మూగజీవికి మాట వచ్చిన తరువాతనే బిలాముకు కన్ను తెరచుకొన్నది. ఇది కేవలం హాస్యం కాదు. గాడిద నోటిని తెరచిన శక్తియే రానున్న ఘట్టంలో బిలాము నోటిని కూడా నడుపుతుందని కథకుడు ముందుగానే సూచించినాడు.

బాలాకు మూడు చోట్ల బలిపీఠాలు కట్టించినాడు. చోటుకు ఏడు పీఠాలు, ఏడు కోడెలు, ఏడు పొట్టేళ్లు. చోటు మారినది గాని పలుకు మారలేదు; మూడుసార్లూ దీవెనయే వెలువడినది. శపించకపోయినను సరే, దీవించకుండానైనా ఉండుమని రాజు నడుమ బతిమాలుకొన్నాడు. చివరకు కోపించి చేతులు చరచుకొని, సత్కారం లేకుండా పొమ్మన్నాడు.

తెలుగు పాఠకునికి శాపానుగ్రహాలు క్రొత్త కావు. భారతంలో శృంగి పరీక్షిత్తును శపించినాడు; తండ్రి శమీకుడు విచారించినను ఆ శాపం మరలలేదు. వేములవాడ భీమకవి తిట్టినను దీవించినను జరిగి తీరునని ఐతిహ్యాలు చెప్పుతవి. ఈ కథలలో వాక్కు బలం తపస్సుది, లేదా కవిది. బిలాము కథలో ఆ బలం పలికేవానిది కాదు. బాలాకు పొరపాటు ఇక్కడే ఉన్నది. నోటిని కొన్నచో మాట తనదవుతుందని అతడు నమ్మినాడు.

బిలాము ఇశ్రాయేలీయుడు కాడన్నది గమనింపదగిన విషయం. 1967లో జోర్డాను దేశపు దేయిర్ అల్లాలో క్రీస్తుపూర్వం 8వ శతాబ్ది ప్రాంతపు వ్రాత ఒకటి బయటపడినది. గోడకు పూసిన సున్నపు గచ్చుపై వ్రాసిన అందులో బెయోరు కుమారుడైన బిలాము దేవతల ద్రష్టగా పేర్కొనబడినాడు. అనగా ఇశ్రాయేలుకు వెలుపల కూడా అతనికి ఖ్యాతి ఉన్నది. ఆ దీవెన పరాయివాని నోట, శత్రువు ఖర్చుతో వచ్చినది.

అయితే దీవెన రక్షరేకు కాదు. 25వ అధ్యాయంలోనే ఆ ప్రజలు పెయోరు దేవత వెంట పడి తెగులుకు గురియైనారు. ఆ దుర్బోధ బిలాముదేనని 31వ అధ్యాయం చెప్పుతుంది. అతడు అక్కడ కత్తికి బలియైనాడు. వెలుపలి శాపం చేయలేని హానిని లోపలి తప్పిదం చేసినది. దీవెనను పలికిన నోరు కూడా తన దీవెనకు పాత్రం కాలేదు.

కొండపై ఇంత జరుగుచుండగా క్రింది గుడారాలలోని వారికి ఆ సంగతి తెలిసినట్లు ఈ అధ్యాయాలలో ఎక్కడా లేదు. వారు ఆనాటి వంట, ఆనాటి నీరు చూచుకొని ఉందురు. ఊరు విడిచి బ్రతుకు వెదకుకొన్న ఏ ప్రజకైనను ఈ మౌనం ఊరటనిస్తుంది. వ్రాతగానికి మాత్రం ఇది హెచ్చరిక: కలానికి కూలి ఇచ్చేవాడు సత్యానికి యజమాని కాడు.