చేతిబదులుకూ కాగితం కావాలి

మన ఇళ్లలో అప్పు చాలావరకు నోటిమాటతోనే నడుస్తుంది. తమ్ముడు ఆటో కొనుక్కుంటానంటే అన్న డబ్బిస్తాడు. మేనల్లుడి దుకాణానికి మేనమామ సర్దుతాడు. కాగితం రాసుకుందామంటే "భాయీజాన్, నామీద నమ్మకం లేదా?" అన్న నిష్ఠూరం వస్తుంది. ఇచ్చినాయన హఠాత్తుగా కన్నుమూస్తే ఎంత ఇచ్చాడో, ఎంత ముట్టిందో ఆయన భార్యకు చెప్పేవారుండరు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఎవరి గుమ్మం తొక్కి అడుగుతుంది?

అప్పు రాసుకోమన్నది కోర్టులు తెచ్చిన నియమమేమీ కాదు. దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం గురించే. గడువు పెట్టుకున్న అప్పు చిన్నదైనా పెద్దదైనా విసుగు లేకుండా రాసుకోవాలి, సాక్షుల్ని పెట్టుకోవాలి, రాసేవాడికీ సాక్షికీ హాని తలపెట్టకూడదు. అప్పటికప్పుడు చేతులు మారే బేరం మాత్రం రాయకపోయినా దోషం లేదు.

ఇందులో మనం గమనించనిది ఒకటుంది. పత్రంలోని మాటలు చెప్పవలసింది అప్పు తీసుకున్నవాడు. అతడు చెప్పలేని స్థితిలో ఉంటే అతడి సంరక్షకుడు చెప్పాలి. మరి మన బజారులో జరుగుతున్నదేమిటి? ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం చేయించుకుని అంకెలు తర్వాత నింపుకుంటున్నారు! దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రాదు.

నోటు రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు ఉండాలి. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. "రూ. 20,000 (అక్షరాలా ఇరవై వేల రూపాయలు మాత్రమే) ఈ రోజు నగదుగా ముట్టినవి. మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించగలను" అంటే చాలు. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయాలి. సంతకం ఉర్దూలో ఉన్నా చెల్లుతుంది. తెలుగు చదవలేని వ్యక్తి అయితే, చదివి వినిపించి అర్థం చెప్పిన తర్వాతే సంతకం చేశాడని సాక్షుల ఎదుట ఒక వాక్యం చేర్చండి.

ఖర్జె హసనా ఇచ్చేవారు ముఖ్యంగా ఒక సంగతి తెలుసుకోవాలి. నోటులో వడ్డీ ఊసే లేకపోతే, దావా పడినప్పుడు ఏడాదికి నూటికి 18 చొప్పున వడ్డీ కట్టవచ్చని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 80వ సెక్షన్ చెబుతోంది. కనుక మౌనంగా వదిలేయకండి. "ఈ మొత్తం మీద ఏ వడ్డీ లేదు" అని స్పష్టంగా రాయండి.

కోరినప్పుడు చెల్లిస్తానన్న నోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. ఈలోగా కొంత చెల్లిస్తే, చెల్లించినవాడి చేతనే నోటు వెనక తేదీ వేసి, మొత్తం రాసి, సంతకం పెట్టించాలి. అలా చెల్లు పడితే ఆ చెల్లింపు రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క.

బాకీ పూర్తిగా తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోవాలి. "ఎక్కడో పెట్టాను, తర్వాత ఇస్తాను" అంటే, మొత్తం ముట్టిందని అక్కడికక్కడే రసీదు రాయించుకుని ఇంటికి రండి.